వెనక సీటా, ముందు సీటా

లిఫ్టులు బాగుచేసే అతన్ని అందరూ తొందరయ్య అనే పిలిచేవారు. ఎక్కడో రెండు అంతస్తుల మధ్య ఎవరో ఇరుక్కుపోయారని ఫోను వస్తే చాలు, తింటున్న పళ్ళెం అలాగే వదిలేసి సైకిలెక్కేవాడు. ఆ పేరు పెట్టింది అతని అక్క. చిన్నప్పుడు ఎడమ చెప్పు కుడికాలికి, కుడి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని బడికి పరిగెత్తాడని పెట్టింది. అది ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పనిచేసే చోటికి పాకింది.

ఆ అక్క ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. చీము పడితే మళ్ళీ కోశారు. అలా నెల దాటిపోయింది. బావ సరుకు ఓడలో వంటవాడు. రేవు చేరేదాకా అతను దిగడానికి వీల్లేదు. వాళ్ళ పాపను నానమ్మ, అంటే అక్క అత్తగారు, చూసుకుంటోంది. ఆవిడ ఒక్కతే సంబాళించుకోలేదని తొందరయ్య తన గదికి తాళం వేసి వచ్చి, వాళ్ళ ముందుగదిలో పరుపు వేసుకున్నాడు.

ఆసుపత్రి నదికి అవతల ఉంది. వంతెనేమో బాగుచేస్తున్నారు. బస్సులూ కార్లూ ఆపేసి, ఒక పక్కన నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మాత్రం దారి వదిలారు. బస్సులో వెళ్ళాలంటే ఊరంతా చుట్టి రావాలి. ఆ కుదుపులకు పాప ప్రతిసారీ వాంతి చేసుకునేది. ఆసుపత్రి చేరేసరికి మొహం వాడిపోయి, ఎవరు ముట్టుకున్నా ఏడ్చేది. అందుకని వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే తీసుకెళ్ళేవారు.

కిందటి ఆదివారం అక్క మంచం మీద ఒత్తిగిలి రెండు చేతులూ చాపింది. పాప ఆ చేతులకేసి చూసింది, మొహంకేసి చూసింది. తర్వాత నానమ్మ మెడలో మొహం దాచేసుకుని గుక్కపట్టి ఏడ్చింది.

"పోనీండి అత్తయ్యా, మీ దగ్గరే ఉంచుకోండి," అంది అక్క. చేతులు దుప్పటి కిందకి లాక్కుని గోడవైపు తిరిగింది.

మర్నాటి నుంచి ఆమె నడక మానేసింది. పట్టుకుని నడిపించడానికి వచ్చిన నర్సుకు రేపు చూద్దామని చెప్పేది. ఆ రేపు వచ్చేది కాదు. పని దిగి రోజూ సాయంత్రం వెళ్ళే తొందరయ్య ఈ తంతు మూడు పూటలు చూశాడు. నాలుగో పూట ఇంటికి వస్తూనే చెప్పాడు.

"అత్తయ్యా, పాపని రోజూ తీసుకెళ్తాను. సైకిల్ మీద. వంతెన మీదుగా వెళ్తే గాలికి హాయిగా ఉంటుంది, వాంతి కూడా రాదు."

"ఎక్కడ కూర్చోబెడతావు, హ్యాండిల్ మీదా?" అంది నానమ్మ.

"పిల్లల సీట్లు వస్తున్నాయి కదా. కొందాం."

సైకిళ్ళ దుకాణానికి ముగ్గురూ కలిసే వెళ్ళారు. దుకాణదారుకు జలుబు. మాట మాటకీ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ, పాపకు దూరంగా నిలబడి మాట్లాడాడు. రెండు రకాల సీట్లు దింపి బల్ల మీద పెట్టాడు.

"ఇది ముందు తగిలించేది. పాప మొహం మీ కళ్ళెదుటే ఉంటుంది. కానీ తొక్కేటప్పుడు మీ మోకాళ్ళు తగులుతాయి. పైగా ఇది వెనక్కి వాలదు. ఇదిగో, ఇది వెనకది. వీపు ఎత్తుగా ఉంటుంది, పక్కలకి ఆనుకోవడానికి చెవులున్నాయి. పాప కునుకు తీస్తే కింద ఈ పిడి లాగి వాల్చొచ్చు. కాకపోతే సైకిల్ ఆపి, దిగి లాగాలి."

"ముందుదే తీసుకో అబ్బాయ్," అంది నానమ్మ. "కళ్ళెదుట ఉంటుంది."

"ముందుది మరీ పీటలా ఉంది అత్తయ్యా. వెనకదే గట్టిది. బోల్టులు చూడండి ఎలా ఉన్నాయో."

"పాపకి ఎన్నో నెల?" అడిగాడు దుకాణదారు.

"తొమ్మిది నిండాయి," అన్నాడు తొందరయ్య.

"రెండు నెలలు ముందే పుట్టిందండి," అంది నానమ్మ. "కడుపులో ఉండాల్సిన రెండు నెలలూ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది."

"అయితే ఏ లెక్కన తొమ్మిది?"

"పుట్టినప్పటి నుంచే కదండీ లెక్క. పుట్టకముందు వయసు ఎవరు లెక్కేస్తారు," అన్నాడు తొందరయ్య నవ్వుతూ.

దుకాణదారు నవ్వలేదు. పాపను ఓసారి కూర్చోబెట్టి చూడమన్నాడు. వెనక సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. పాపకు తమాషాగా ఉంది. రెండు చేతులతో సీటు అంచులు చరిచింది, దుకాణంలో వేలాడుతున్న చక్రాలకేసి నోరు తెరుచుకుని చూసింది. కాసేపు నిటారుగానే ఉంది. తర్వాత మెల్లగా, తడిసిన గోడలా, ఓ పక్కకి ఒరిగింది. తొందరయ్య సర్ది కూర్చోబెట్టాడు. మళ్ళీ ఒరిగింది.

"బెల్టు ఇంకాస్త బిగిస్తే సరిపోతుంది," అన్నాడు.

దుకాణదారు ముక్కు చీది, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెట్టె మీద తొమ్మిది నెలల నుంచి అని రాసి ఉంది. తనంతట తాను కూర్చోగలగాలి అని కూడా రాసి ఉంది. కూర్చుందో లేదో మీరే చూశారు. నేను అమ్మనని చెప్పను, కొనమనీ చెప్పను."

తొందరయ్య పెట్టె తిప్పి చూశాడు. సీటు ఎంత బరువు మోస్తుందో రాసి ఉన్నచోట అతని చూపు ఆగింది. పాప బరువు అందులో సగం కూడా లేదు. లిఫ్టు గోడకు ఇంతమందికి మించి ఎక్కరాదని రేకు కొట్టి ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆ రేకును నమ్మి బతికినవాడు అతను. ఆ అంకె చూడగానే అతని మనసు కుదుటపడింది. మిగతాది చదవలేదు.

ఇంటికి వచ్చి సీటు తానే బిగించాడు. ప్రతి బోల్టునూ రెండేసి సార్లు తిప్పి చూశాడు. నీళ్ళ డబ్బా ఒకటి బెల్టు పెట్టి కట్టి, వీధి గుంటలన్నింటి మీదుగా తొక్కుకొచ్చాడు. డబ్బా కదల్లేదు, నీళ్ళు ఒలకలేదు.

"చూశారా అత్తయ్యా."

"నీళ్ళ డబ్బాకి మెడ ఉండదు అబ్బాయ్," అంది నానమ్మ. అయినా మర్నాడు పాపకు సాక్సులు తొడిగి, కొత్త హెల్మెట్ పట్టీ గడ్డం కింద నొక్కుకోకుండా మెత్తటి గుడ్డ చుట్టి ఇచ్చింది.

మొదటి మూడు రోజులూ అంతా బాగానే జరిగింది. వంతెన మీద గాలి తగలగానే పాప 'ద్దద్దద్ద' అని మొదలుపెట్టేది. తొందరయ్య ముందు నుంచి 'ద్దద్దద్ద' అని బదులిచ్చేవాడు. ఎదురొచ్చేవాళ్ళు నవ్వుకునేవారు. మొదటి రోజు పాప మామయ్య ఒళ్ళోంచే అమ్మను చూసింది. రెండో రోజు అక్క మణికట్టుకు కట్టిన ఆసుపత్రి పట్టీని పట్టుకుని లాగింది. మూడో రోజు మంచం మీద కూర్చోబెడితే ఏడవలేదు. అక్క ఊపిరి బిగబట్టినట్టు, కదిలితే ఎక్కడ ఎగిరిపోతుందో అన్నట్టు, అలాగే ఉండిపోయింది. వాళ్ళు బయల్దేరేటప్పుడు మాత్రం తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"రేపు కూడా తెస్తావు కదరా?"

"తేకుండా ఎలా ఉంటానే."

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక పాత భవనంలో లిఫ్టు ఆగిపోయింది. లోపల ముసలాయన ఒకాయన ఉన్నాడు. ఆయన్ని బయటికి తీసి, కుదుటపడేదాకా పక్కన కూర్చుని, తొందరయ్య ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయింది. ఆరింటికల్లా ఆసుపత్రిలో చూడవచ్చినవాళ్ళను పంపేస్తారు. పాప ఆ రోజంతా నిద్రపోలేదట. కళ్ళు నులుముకుంటోంది.

"ఈ పూటకి వద్దు. నిద్రమొహంతో ఉంది," అంది నానమ్మ.

"అక్క కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తుంటుంది అత్తయ్యా. ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం."

నానమ్మ పాప తలకు హెల్మెట్ పెట్టి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

వంతెన మీద ఆ వేళ రద్దీగా ఉంది. పని దిగి ఇళ్ళకు పోయేవాళ్ళందరూ ఆ ఇరుకు దారిలోనే. ఒక పక్క రెయిలింగ్, ఇంకో పక్క రేకుల అడ్డుగోడ. అటుపక్క రాళ్ళు పగలగొట్టే మెషిను రొద. కింద పరిచిన చెక్కలు చక్రం ఎక్కినప్పుడల్లా టకటకమంటున్నాయి. వెనక సైకిళ్ళ గంటలు. ఆగితే వెనకవాళ్ళు మీద పడతారు.

వంతెన మొదట్లో పాప ఏదో సణిగింది. తొందరయ్య 'ద్దద్దద్ద' అన్నాడు. బదులు రాలేదు. మళ్ళీ అన్నాడు. రొదలో వినిపించడం లేదేమో అనుకున్నాడు. ఇంకాస్త దూరం పోయాక, నిద్రపోయి ఉంటుంది అనుకున్నాడు. దిగి పిడి లాగి సీటు వాల్చాలని గుర్తొచ్చింది. ఈ తొక్కిసలాటలో ఎక్కడ ఆపుతాం, వంతెన దాటాక వాల్చుదాం అనుకుని ఇంకాస్త జోరుగా తొక్కాడు.

ఎదురుగా సంచి మోసుకుంటూ ఒకావిడ నడిచి వస్తోంది. ఆవిడ తొందరయ్యకేసి చూడలేదు. అతని వెనక్కి చూసింది. చూస్తూనే మొహం మారిపోయింది.

"ఇదిగో బాబూ, పాపని చూడు. పాపని చూడు ముందు."

తొందరయ్య తల తిప్పాడు. బ్రేకు నొక్కాడు. వెనక సైకిలు వచ్చి చక్రానికి గుద్దుకుంది. ఎవరో తిట్టారు.

పాప తల పూర్తిగా ముందుకు వాలిపోయి ఉంది. గడ్డం ఛాతీకి అతుక్కుపోయింది. తల వెనక సీటు వీపుకు హెల్మెట్ ఆనుకుని, తలను ఇంకా ముందుకు నెడుతోంది. హెల్మెట్ అంచు కళ్ళ మీదికి జారింది. దాని కింద కనబడుతున్న పెదవులు పాప పెదవుల్లా లేవు. బూడిద రంగులో ఉన్నాయి.

అతను హ్యాండిల్ వదిలేసి వెనక్కి తిరిగాడు. సైకిలు పక్కకి ఒరుగుతుంటే సంచి ఆవిడ సంచి పడేసి హ్యాండిల్ పట్టుకుంది. తొందరయ్య బెల్టు మీద చేతులు వేశాడు. బిగుసుకుపోయిన లిఫ్టు తలుపులు రోజూ తెరిచే చేతులవి. మీట ఎక్కడుందో వాటికి అందలేదు. తానే బిగించిన బెల్టు తనకే ఊడలేదు. ఒక వేలు గోరు విరిగింది. ఎలాగో ఊడింది. పాపను పైకి లాగాడు. చేతుల్లో పాప తడిగుడ్డలా వేలాడింది.

"తల వెనక్కి పట్టుకో. గడ్డం పైకెత్తు," అంటోంది ఆవిడ. హెల్మెట్ పట్టీ ఆవిడే ఊడదీసింది.

గడ్డం ఎత్తాడు. వీపు రుద్దాడు. పేరు పెట్టి పిలిచాడు.  ఆ క్షణం ఎంతసేపు సాగిందో అతనికి ఎప్పటికీ తెలియలేదు. వెనక గంటలు ఆగిపోయాయి. తిట్టినవాడు కూడా సైకిలు దిగి నిలబడ్డాడు.

పాప గొంతులో గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడయింది. ఛాతీ ఒక్కసారి పైకి లేచింది. మళ్ళీ లేచింది. ఆపైన ఏడుపు మొదలైంది. ముందు సన్నగా, తర్వాత వంతెనంతా వినబడేలా.

తొందరయ్య చెక్కల మీదే చతికిలపడ్డాడు. పాపను భుజానికి ఆనించుకుని, దాని ఊపిరి తన మెడకు తగులుతోందా లేదా అని చూసుకుంటూ కూర్చున్నాడు. జనం వాళ్ళ పక్కనుంచి ఒక్కొక్కరుగా, సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళారు.

"నడిచి వెళ్ళు నాయనా," అంది ఆవిడ, దొర్లిపోయిన వస్తువులు సంచిలోకి ఏరుకుంటూ. "ఆసుపత్రి దగ్గరే. అక్కడ చూపించు. ఈ సైకిలు ఎక్కడికీ పోదు."

దాన్ని రెయిలింగ్‌కు గొలుసుతో కట్టేసి, అతను నడవసాగాడు. దారి పొడవునా పాప గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టుకునే నడిచాడు.

ఆసుపత్రి చేరేసరికి ఆరు దాటింది. చూడవచ్చినవాళ్ళందరూ బయటికి వస్తున్నారు. అద్దాల తలుపుల లోపల, కింది హాల్లో, నడవడానికిచ్చిన నాలుగు కాళ్ళ చట్రం పట్టుకుని అక్క నిలబడి ఉంది. పక్కన నర్సు కుర్చీ పట్టుకుని ఉంది. నెల దాటాక అక్క ఎవరూ పట్టుకోకుండా నిటారుగా నిలబడి ఉండగా చూడడం అతనికి అదే మొదలు.

"మీరు రాలేదని ఒకటే గోల," అంది నర్సు. "వద్దన్నా వినలేదు. మంచం నుంచి లిఫ్టు దాకా నడిచే వచ్చింది."

అక్క నర్సు మాట వినిపించుకోలేదు. తమ్ముడి మొహంకేసే చూస్తోంది. "ఏమైందిరా?"

అబద్ధమాడే తీరిక కూడా అతనికి లేకపోయింది. అంతా చెప్పేశాడు. పాప నిద్రపోయిందని తెలిసీ ఆపలేదని కూడా చెప్పాడు. వింటున్నంతసేపూ ఆమె రంగు మారుతూ వచ్చింది.

"దాన్ని ఇలా ఇవ్వు," అంది.

కుర్చీలో కూర్చుని పాపను తీసుకుంది. పాప వెంటనే మామయ్యకేసి చేతులు చాపి ఏడుపు లంకించుకుంది. తొందరయ్య అలవాటుగా వంగాడు.

"నువ్వు ఉండు," అంది అక్క. పాప కాళ్ళతో తన్నింది, వెనక్కి విరుచుకుంది, పైట పట్టుకుని లాగింది. అక్క ఇవ్వలేదు. తుంటి నొప్పికి పళ్ళు బిగించి, పాపను గట్టిగా పొదువుకుని అలాగే కూర్చుంది. డ్యూటీ డాక్టరు వచ్చి ఆమె ఒళ్ళోనే పాపను పరీక్ష చేశాడు. ఊపిరితిత్తులు విన్నాడు, పాదానికి ఏదో తగిలించి ప్రాణవాయువు చూశాడు. ఇప్పుడు ఫరవాలేదని, ఇంకాసేపు కళ్ళెదుటే ఉంచుకోమని చెప్పి వెళ్ళాడు. ఏడ్చి ఏడ్చి పాప చివరికి అమ్మ భుజం మీదే అలిసిపోయింది.

"ఎందుకు ఆపలేదు?" అంది అక్క. గొంతు పెంచలేదు.

"వంతెన దాటాక ఆపుదాం అనుకున్నాను. ఆరింటికి పంపేస్తారని..."

"పంపేస్తే ఏమయ్యేది? రేపు వచ్చేవాడివి."

 గోరు విరిగిన వేలి నుంచి రక్తం కారుతోందని నర్సు చెబితే గానీ తొందరయ్య చూసుకోలేదు.

ఇంటికి వెళ్ళి నానమ్మకు చెప్పడం అంతకన్నా కష్టమైంది. ఆవిడ తలుపు తీసి, సైకిలు లేకపోవడం చూసింది. కూర్చుని మొత్తం విన్నది. తర్వాత పాప బట్టలు విప్పి తల నుంచి కాలివేళ్ళ దాకా తడిమి చూసి, మళ్ళీ తొడిగి, తన పక్కలో వేసుకుంది.  తిట్టినా బాగుండేది అనుకున్నాడు తొందరయ్య.

పొద్దున్న అతను సంచిలో బట్టలు సర్దుకుంటుంటే వచ్చి నిలబడింది.

"ఎక్కడికి?"

"నా గదికి వెళ్తాను అత్తయ్యా. ఇంకా ఏ మొహంతో ఇక్కడ..."

"నువ్వు పోతే దాన్ని అమ్మ దగ్గరికి ఎవరు మోస్తారు? నేనా, ఈ మోకాళ్ళతో? మీ ఆఫీసులో అడిగి పొద్దున్న డ్యూటీ వేయించుకో. నడిచి వెళ్దాం. వంతెన మధ్య దాకా నేను ఎత్తుకుంటాను. అక్కణ్ణుంచి నువ్వు ఎత్తుకో."

అలాగే చేశారు. మధ్యాహ్నాలు ముగ్గురూ నడిచి వెళ్ళేవారు. నిద్రొస్తే పాప ఎవరో ఒకరి భుజం మీద నిద్రపోయేది. ఎంతసేపు పట్టినా ఎవరూ గడియారం చూడలేదు. అక్క ఆ చట్రం వదిలి చేతికర్ర పట్టుకుంది. పాప అమ్మను చూడగానే నానమ్మ చంకలోంచి దూకడం మొదలుపెట్టింది. బావ ఫోనులో ఇంకా రేవు దూరముందని బాధపడితే, మీరు వచ్చేసరికి ఇద్దరం పరిగెత్తుతుంటాం అంది అక్క.

ఆమె ఇంటికి వచ్చిన నాటికి ఆ సీటు మెట్ల కింద, పాత దుప్పటి కప్పుకుని ఉంది. తొందరయ్య అటువైపు చూసేవాడు కాదు. సైకిలు మీద ఒంటరిగా పోతున్నా వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటైపోయింది.

రెండు నెలలు గడిచాక అక్క మళ్ళీ పనిలో చేరాల్సి వచ్చింది. పాపను రోజూ పిల్లల్ని చూసుకునే చోట దింపి రావాలి. ఒక సాయంత్రం దుప్పటి తీసి ఆ సీటును బయటికి లాగింది.

"దాన్ని పారేయవే," అన్నాడు తొందరయ్య.

"పారేయడమెందుకు, మార్చుకుందాం. ముందు తగిలించేది కావాలి నాకు. పాప ఇప్పుడు గంటసేపు కూర్చున్నా ఒరగడం లేదు. అన్నం తింటున్నప్పుడల్లా చూస్తూనే ఉన్నాను."

"అయితే నువ్వే తొక్కు."

"ఈ తుంటితోనా? నువ్వే తొక్కాలి."

"నావల్ల కాదు అక్కా. ఆ రోజు..."

"ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుసు. నీకూ తెలుసు. కొత్తగా ఎవరినైనా పెట్టుకుంటే వాడికి తెలియదు." సీటు మీది దుమ్ము పైటతో తుడిచింది. "ఇంకేం మాట్లాడకు. రేపు దుకాణానికి పోదాం."

దుకాణదారుకు జలుబు తగ్గింది. వెనక సీటు తీసుకుని, పైన కొంత పుచ్చుకుని ముందు సీటు ఇచ్చాడు. పాపను కూర్చోబెట్టి, చాలాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. పాప ఒరగలేదు. హెల్మెట్ కూడా మార్చాడు, వెనక బల్లపరుపుగా ఉన్నది ఇచ్చాడు. తొందరయ్య పెట్టె మీద ఉన్నదంతా, కింద సన్న అక్షరాలతో సహా, గొణుక్కుంటూ చదివాడు.

తిరిగి వచ్చేటప్పుడు పాప ముందు సీటులో ఉంది. మోకాళ్ళు తగలకుండా రెండు పక్కలకీ చాపి తొక్కుతున్న తొందరయ్యను చూసి వీధిలో వాళ్ళు నవ్వారు. అతని చూపు రోడ్డు మీదికీ పాప మొహం మీదికీ మారుతోంది. చొక్కా వీపంతా చెమటకు తడిసిపోయింది. అక్క కర్రతో వెనక నడుస్తోంది.

సందు మలుపు తిరిగాక పాప కనురెప్పలు బరువెక్కాయి. తొందరయ్య వెంటనే ఆగి, దిగి, పాపను ఎత్తి భుజాన వేసుకున్నాడు. పక్కనున్న ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. అక్క వచ్చి అతని పక్కన మెల్లగా చతికిలపడింది. ఇల్లు కనుచూపు మేరలోనే ఉంది. అయినా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఆ ఇంటాయన కిటికీ తెరిచి, "పంక్చరయిందా?" అని అడిగాడు.

"లేదండీ," అంది అక్క. "పాప పడుకుంది."